లక్ష గళ్ళ రామకోటి పుస్తకం, పదకొండు నెలలు రాశాక నా రివ్యూ

ఈ పుస్తకం ఆన్‌లైన్‌లో 140 రూపాయలకి తెప్పించి పదకొండు నెలలైంది, మొన్న శనివారం చివరి పేజీ అయిపోయింది, అందుకే ఇప్పుడు పెడుతున్నా రివ్యూ. పార్సిల్ విప్పిన రోజే ఐదు స్టార్లు ఇచ్చేసినవాళ్ళు అసలు ఎన్ని పేజీలు రాశారో మరి.

పెద్ద సైజు పుస్తకం, 248 పేజీలు. పేజీకి 25 వరసలు, వరసకి 16 గళ్ళు, అంటే పేజీకి 400 శ్రీరామలు. అట్ట మీద లక్ష అని ఇంతింత అక్షరాలతో ఉంది కదా, గుణిస్తే 99,200 వచ్చింది. 800 తక్కువ! ఇది పట్టుకుంది నేను కాదు, మా అత్తయ్య. ఆవిడ ఇప్పటికే ఆరు పుస్తకాలు రాసి భద్రాచలంలో ఇచ్చొచ్చారు, కొత్త పుస్తకం చేతికి రాగానే ముందు గళ్ళు లెక్కపెడతారు. కూరగాయలవాడు తూకంలో కొడితే ఊరుకుంటామా, రాముడి దగ్గర కూడా ఇదేనా అని ఆ రోజంతా ఒకటే గొణుగుడు.

కాగితం పల్చన. ఎర్ర జెల్ పెన్నుతో మొదలుపెట్టా, ఇంకు అవతలి పేజీకి దిగిపోయి అటు రాసింది ఇటు కనపడుతోంది. కొందరు ఆకుపచ్చ ఇంకుతోనే రాయాలంటారు, నేనైతే ఆకుపచ్చ బాల్ పెన్నుకి మారిపోయా, అప్పట్నుంచి బాధ లేదు. ఏడో నెలకి మధ్య పేజీలు ఊడొచ్చాయి, చీర ఫాల్ కుట్టే సూదీ దారంతో కుట్టుకున్నా. మొదటి పేజీలో శ్లోకం కూడా తప్పే, మనోరమే అని ఉండాల్సింది మనోరామే అని వేశారు, ఒక్కసారి ఎవరికైనా చూపించుకుని ప్రింట్ చేయించొచ్చు కదా.

ఇక రాయడం సంగతి. పూజగదిలో దీపం పెట్టుకుని ఏకాగ్రతగా కూర్చుని రాద్దామని మొదట్లో తెగ అనుకున్నా, అలా అయితే ఈ జన్మకి పేజీ అవ్వదని వారం తిరక్కుండానే తెలిసిపోయింది. పొద్దున్నే స్నానం చేసి, కుక్కర్ పెట్టి, వంటగదిలో గట్టు పక్కన స్టూలేసుకుని రాస్తా. మూడో విజిల్ వచ్చేలోపు 108 అవుతాయి, మిగతావి రాత్రి పిల్లాడు పడుకున్నాక. చెయ్యి శ్రీరామ రాస్తూనే ఉంటుంది, మనసేమో ఆఫీసులో నిన్న ఎవరో అన్న మాట పట్టుకుని వేలాడుతుంటుంది. కాగితం పల్చన అని తిట్టాను గానీ ఒకటి గమనించా, కోపంగా ఉన్న రోజు రాసిన పేజీ వెనక వేళ్ళతో తడిమితే అక్షరాలన్నీ బుడిపెల్లా తగుల్తాయి, మామూలు రోజు పేజీ నున్నగా ఉంటుంది. ఇప్పుడు రాస్తూ రాస్తూ మధ్యలో ఓసారి వెనక తడిమి చూసుకోవడం అలవాటైపోయింది, చెయ్యి దానంతటదే వదులవుతుంది.

113వ పేజీలో ఒక గడిలో 'పాలు 2' అని ఉంది. రాస్తుంటే అత్తయ్య రెండు పాల ప్యాకెట్లు తెప్పించమని కేకేశారు, చెయ్యి అదే రాసేసింది. కొట్టెయ్యనా అని అడిగితే వద్దు ఉంచు, కానీ అది లెక్కలోకి రాదు అన్నారు. అలా 801 బాకీ. అట్ట లోపలి తెల్ల కాగితం మీద స్కేలుతో గళ్ళు గీసుకుని తీర్చేశా.

రోజుకో పేజీ రాసినా కోటి అవ్వాలంటే 25,000 రోజులు, 68 ఏళ్ళ పైమాటే, నాకిప్పుడే 36. త్యాగయ్య 21 ఏళ్ళలో 96 కోట్ల నామం జపించారని చెప్తారు, అంటే రోజుకి లక్షా పాతికవేలు, అది విన్నరోజు పెన్ను మూసేయబుద్ధేసింది. ఆయన రాజు పిలిచినా కొలువుకి వెళ్ళనన్న మనిషి, మనకి కుదుర్తుందా. మనలాంటోళ్ళకి గోపన్నే దగ్గర, తానీషా కింద పాల్వంచలో తహసీల్దారీ చేసుకుంటూనే గుడి కట్టించాడు. సర్కారు డబ్బు పెట్టేసి గోల్కొండ ఖైదులో పన్నెండేళ్ళు పడి ఉన్నాడనుకోండి, అది మాత్రం మనకొద్దు.

పుస్తకానికి మూడు స్టార్లు. గళ్ళు మాత్రం వెడల్పుగా, శ్రీరామ ఇరుక్కోకుండా పట్టేట్టు ఉన్నాయి, కళ్ళజోడు ఉన్నవాళ్ళకి కూడా పనికొస్తుంది. బాల్ పెన్నుతోనే రాయండి. నేను మాత్రం రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించను, వచ్చే నెల భద్రాచలం వెళ్ళి ఇది ఇచ్చేసి అక్కడే గుడి దగ్గర షాపులో కొనుక్కుందామని ప్లాన్. గళ్ళు లెక్కపెట్టాకే డబ్బులివ్వు అని అత్తయ్య ఇప్పట్నుంచే చెప్తున్నారు.