ఆటోగ్రాఫ్ ధ్రువీకరణ సేవలు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను. డబ్బు తీసుకుని "ఈ సంతకం అసలుదే" అని కాగితం రాసిచ్చే నిపుణుల సేవలను నేను ఏళ్లుగా వాడుతున్నాను, ఇకముందూ వాడతాను. కానీ ఆ కాగితం ఒక్కదాన్నే నమ్మి ఏదీ కొనను. సంతకాలున్న బేస్‌బాల్ బంతులు, క్రికెట్ బ్యాట్లు, ఆటగాళ్లు మైదానంలో వేసుకున్న చొక్కాలు సేకరించేవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. సర్టిఫికెట్ లేని వస్తువును అమ్మడం కష్టం. సర్టిఫికెట్ ఉంది కదా అని వస్తువును నమ్మడం అంతకన్నా కష్టం.

సేవ సంగతి చూస్తే, పని పద్ధతిగానే సాగుతుంది. వస్తువు విలువ ఎంతో మనమే రాసి పంపుతాం, రుసుము ఆ విలువను బట్టి పెరుగుతుంది. కొన్ని వారాలకో నెలలకో వస్తువు భద్రంగా తిరిగి వస్తుంది. దాని మీద మెరిసే హోలోగ్రామ్ స్టిక్కర్, స్టిక్కర్ మీద నంబరు ఉంటాయి. ఆ నంబరును వాళ్ల వెబ్‌సైట్‌లో కొడితే వస్తువు ఫొటో కనిపిస్తుంది. ఖరీదైన వాటికి లెటర్‌హెడ్ మీద ఉత్తరం కూడా ఇస్తారు. ప్యాకింగ్‌కు గానీ రికార్డుల నిర్వహణకు గానీ నేను వంక పెట్టను.

నా పేచీ ఆ ఉత్తరంలో ఉన్నదానితో. "మా దగ్గరున్న నమూనాలతో పోల్చాం. అక్షరాల వాలు, నిర్మాణం, గీత ఒరవడి సరిపోయాయి. కనుక ఇది అసలుదని మా అభిప్రాయం." దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఇవే వాక్యాలు, ఆటగాడి పేరు మార్చితే చాలు, ఎవరి సంతకానికైనా అతికిపోతాయి. ఏ నమూనాలతో పోల్చారు, అవి ఏ ఏడాదివి, ఏ అక్షరం దగ్గర ఆగి ఆలోచించారు, ఎంతసేపు చూశారు అన్నవి ఉండవు. తిరస్కరించినప్పుడు వచ్చేది ఇంకా పొట్టి జవాబు.

నా దగ్గర 1950ల నాటి ఆటగాడి సంతకం ఉన్న బంతి ఒకటి ఉంది. దాన్ని పేరున్న ఒక సంస్థకు పంపితే కాదని తిప్పి పంపారు. కొంతకాలం తర్వాత అదే బంతి ఒక వేలం సంస్థ పంపిన సరుకుతో కలిసి అదే ధ్రువీకరణ సంస్థకు మళ్లీ వెళ్లింది. ఈసారి స్టిక్కరుతో తిరిగి వచ్చింది. భూతద్దం కింద పెడితే ఆ సంతకంలో మొదటి అక్షరం కిందికి దిగేచోట గీత అంచులు కాస్త వణికినట్టు కనిపిస్తాయి. వంపు తిరిగేచోట కలం క్షణం ఆగినట్టు సిరా ముద్దకట్టింది. అలవాటైన చేయి పెట్టిన సంతకంలో గీత సన్నగా మొదలై, చివర కలం గాల్లోకి లేచిపోయినట్టు పలచబడుతుంది. చూసి గీసిన సంతకంలో మొదలూ చివరా మొద్దుగా ఉంటాయి. నా బంతి మీద చివర చక్కగా పలచబడింది కానీ మధ్యలో వణుకు ఉంది. గుండ్రటి తోలు మీద రాయడం వల్ల, కుట్టు పక్కగా కలం పోవడం వల్ల వణికి ఉండవచ్చు. ఆటగాడి వయసు వల్లా కావచ్చు, ఫోర్జరీ వల్లా కావచ్చు. ఇక్కడ ఇద్దరు నిజాయితీపరులు రెండు రకాలుగా చెప్పడంలో తప్పు లేదు.

తప్పు ఎక్కడుందంటే, మొదటిసారి ఎందుకు కాదన్నారో, రెండోసారి ఎందుకు అవునన్నారో ఎవరూ చెప్పకపోవడంలో. అడిగితే "ప్రతి పరిశీలనా స్వతంత్రంగా జరుగుతుంది" అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషితోనైనా వాదించవచ్చు. ఒకసారి మూడంటూ, ఇంకోసారి నాలుగంటూ, కుందేలును మాత్రం చూపించనివాళ్లతో ఎలా వాదించడం?

ఈ అనుమానాలు నా ఒక్కడివే కావు. 1990ల చివర్లో అమెరికాలో నకిలీ సంతకాల వ్యాపారం మీద ఎఫ్‌బీఐ నడిపిన దర్యాప్తు, ఆపరేషన్ బుల్‌పెన్ గురించి ఈ రంగంలో తెలియనివాళ్లు ఉండరు. శాన్ డియేగో పాడ్రెస్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు టోనీ గ్విన్, తమ స్టేడియం దుకాణంలోనే తన పేరిట ఫోర్జరీ సంతకాలు అమ్ముతున్నారని గుర్తించి చెప్పడం ఆ దర్యాప్తుకు ఊతమిచ్చింది. 2000లో ఫోర్జరీ ముఠా బయటపడింది. అందులో గ్రెగ్ మరీనో అనే వ్యక్తి ఎవరి సంతకమైనా అలవోకగా పెట్టేవాడు. దొరికిన వాటిలో మదర్ థెరిసా సంతకం పెట్టిన బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయంటే ఆ వ్యాపారం ఎంత ధీమాగా నడిచిందో ఊహించుకోండి. మార్కెట్లో ఉన్న ఆటోగ్రాఫుల్లో సగానికి పైగా నకిలీవేనని అప్పట్లో ఎఫ్‌బీఐ అంచనా. ఆ సరుకు సర్టిఫికెట్లు లేకుండా తిరగలేదు. కొనేవాళ్లకు ధైర్యం ఇచ్చిందే ఆ సర్టిఫికెట్లు.

ఆటగాళ్ల బొమ్మలున్న కార్డుల కథ ఇంకా విడ్డూరం. 1909–11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్లతో ఇచ్చిన టీ206 వరుసలో బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు అరుదైనది. వాటిలో అన్నిటికన్నా బాగున్నదని పేరుపడిన కార్డును 1991లో హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి సోథెబీస్ వేలంలో 4,51,000 డాలర్లకు కొన్నారు. అప్పుడే మొదలైన పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ సంస్థ (కార్డు ఎంత బాగుందో చూసి మార్కులిచ్చే సంస్థ) తన మొట్టమొదటి గ్రేడును ఈ కార్డుకే ఇచ్చింది: పదికి ఎనిమిది. కొత్తదిలా కనబడాలని అంచులు కత్తిరించిన కార్డుకు ఇవ్వకూడని గ్రేడు అది. 2007 నాటికి కార్డు ధర 28 లక్షల డాలర్లకు చేరింది. 2013లో వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో కోర్టులో నేరం ఒప్పుకుంటూ, ఆ కార్డు అంచులను తానే కత్తిరించానని చెప్పాడు. అంటే రంగం మొత్తానికి కొలబద్దగా నిలవాల్సిన మొదటి కార్డే కోసిన కార్డు. 2019లోనూ ఇంతే. మార్చిన కార్డులు గ్రేడు వేసి మూసిన ప్లాస్టిక్ డబ్బాల్లో తిరుగుతున్నాయని బయటపెట్టింది నిపుణులు కాదు. పాత వేలం ఫొటోలనూ కొత్త ఫొటోలనూ పక్కపక్కన పెట్టి ఓపికగా చూసిన మామూలు సేకరణదారులు.

నిపుణులందరూ మోసగాళ్లని నేను అనడం లేదు. చాలామందికి కన్ను బాగుంటుంది, జ్ఞాపకం అమోఘంగా ఉంటుంది. అయితే ఆ కన్ను ఏ నమూనాల మీద సాన పట్టుకుంది? పాత వేలాల్లో అమ్ముడైనవి, ఇంతకు ముందు తామే సరేనన్నవి, తోటి నిపుణుడు సరేనన్నవి ఆ నమూనాల్లో కలిసిపోతాయి. ఒక మంచి ఫోర్జరీకి ఒకసారి స్టిక్కరు పడిందంటే రేపటి పోలికకు అదే ప్రమాణమవుతుంది. ఆ తర్వాత అదే చేతి ఫోర్జరీలన్నీ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి. అసలు సంతకం కాస్త తేడాగా ఉంటే తిరస్కారానికి గురయ్యేది అదే. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది ఇదే, దీనికి మందు ఏ సంస్థ దగ్గరా నాకు కనిపించలేదు. ఇక క్లబ్‌హౌస్ కుర్రాళ్లు, అంటే జట్టు గదిలో పనులు చేసే సహాయకులు, తారల తరఫున బంతుల మీద పెట్టిన సంతకాలు, సంతకాన్ని నకలు చేసే ఆటోపెన్ యంత్రం గీసినవి ఉండనే ఉన్నాయి. జట్టు గదిలోంచే వచ్చిన బంతి కదా అని ఇంటివాళ్లు దశాబ్దాల పాటు నమ్మకంగా దాచుకుంటారు.

కాలంతో ముడిపడిన ఆధారాల దగ్గర మాత్రం నిపుణుడు నిజంగా ఉపయోగపడతాడు. బాల్‌పాయింట్ పెన్ను అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1945 అక్టోబరులో. బేస్‌బాల్ తార లూ గెహ్రిగ్ చనిపోయింది 1941 జూన్‌లో. గెహ్రిగ్ సంతకం బాల్‌పాయింట్‌తో ఉంటే ఇక అక్షరాల వాలు చూసే పనే లేదు. అధికారిక బంతుల మీద అప్పటి లీగ్ అధ్యక్షుడి పేరు ముద్రించేవాళ్లు. వారెన్ జైల్స్ అమెరికా బేస్‌బాల్‌లోని నేషనల్ లీగ్‌కు అధ్యక్షుడైంది 1951లో. బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ 1948 ఆగస్టులోనే కన్నుమూశాడు. జైల్స్ పేరున్న బంతి మీద రూత్ సంతకం చూపించేవాడికి నమస్కారం పెట్టి వచ్చేయవచ్చు. షార్పీ మార్కర్ వచ్చింది 1964లో. తెల్లదనం కోసం కాగితంలో, దారంలో కలిపే రసాయనాలు అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరుస్తాయి; యుద్ధానికి ముందు కాలపు వస్తువు అలా మెరిస్తే దాని వయసును అనుమానించాల్సిందే. ఇలాంటి కారణం చూపించి ఒక వస్తువును తిరస్కరించిన నిపుణుడికి నేను రెట్టింపు రుసుమైనా సంతోషంగా ఇస్తాను, ఎందుకంటే ఆ మాటను నేనే సరిచూసుకోగలను. అయితే ఇవన్నీ నకిలీని పట్టిస్తాయే తప్ప అసలును రుజువు చేయవు. పాత బంతినీ పాత సిరానూ సంపాదించుకున్న ఫోర్జరీదారుడు ఈ గడపలన్నీ దాటేస్తాడు.

కళ్లారా చూసి ఇచ్చే ధ్రువీకరణ వేరే రకం. అమెరికా బేస్‌బాల్‌లో అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్ 2001లో మొదలుపెట్టిన పద్ధతిలో పోలీసు శాఖల్లో పనిచేస్తున్నవాళ్లు, పనిచేసినవాళ్లు మైదానంలోనే ఉండి, వస్తువు ఆటలోంచి బయటికి రాగానే హోలోగ్రామ్ అంటిస్తారు. ప్రేక్షకుల్లోకి వెళ్లి కంటికి కనబడకుండా చేతులు మారిన హోమ్‌రన్ బంతికి స్టిక్కరు ఇవ్వరు. ఆటగాడు పెద్ద రికార్డుకు చేరువైతే ముందే ప్రత్యేక గుర్తులు వేసిన బంతులు వాడతారు. ఇక్కడ నిపుణుడి ప్రతిభతో పనే లేదు, అందుకే నాకు దీని మీద గురి ఎక్కువ. ఈ పద్ధతి లేని కాలపు వస్తువులకే అసలు తంటా.

ఆ పాత వస్తువుల్లో చొక్కాల విషయం కాస్త మెరుగుపడింది. 1986 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద ఆడినప్పుడు మారడోనా వేసుకున్న చొక్కా 2022 మే నెలలో సోథెబీస్‌లో 71 లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఆటయ్యాక ఆయనతో చొక్కా మార్చుకున్న ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ హాడ్జ్ దగ్గరే అన్నేళ్లూ ఉంది. అమ్మకానికి ముందు మారడోనా కూతురు, అది మొదటి సగంలో వేసుకున్న చొక్కా అనీ, గోల్స్ కొట్టినప్పటిది కాదనీ అంది. వేలం సంస్థ దీనికి ఫొటో పోలికతో జవాబిచ్చింది. బ్యాడ్జి, చారలు, నంబరు తీరు ఆనాటి ఫొటోలతో సరిపోయాయని నిపుణులు తేల్చారని చెప్పింది. ఆ జవాబు మీకు నచ్చకపోవచ్చు. కానీ ఫొటో ముందుంది, చొక్కా ముందుంది, ఎవరైనా కూర్చుని పోల్చుకోవచ్చు. 1932 వరల్డ్ సిరీస్‌లో (బేస్‌బాల్ సీజన్ చివరి తుది పోరు) బేబ్ రూత్ వేసుకున్న జెర్సీ 2005లో 9,40,000 డాలర్లకు అమ్ముడైంది. 2024లో అదే జెర్సీ 2 కోట్ల 41 లక్షల డాలర్లకు పోయింది. ఈ మధ్యలో మార్కెట్ వేడెక్కిన మాట నిజమే కానీ, ఫొటోలతో జరిగిన పోలిక పాత్ర చిన్నదేమీ కాదు.

ఇక డబ్బు సంగతి. రుసుము వస్తువు విలువతో పాటు పెరిగే చోట, అవునంటే నిపుణుడికి వచ్చేది ఎక్కువ. నాలాంటివాడు ఎప్పుడో ఒకటి పంపుతాడు, వేలం సంస్థ గంపల కొద్దీ పంపుతుంది. ఆ గంపల్లో సగం తిప్పికొట్టే సంస్థకు మళ్లీ గంప వస్తుందా? లంచం ఎవరూ ఇవ్వనక్కర్లేదు, మొగ్గు దానంతట అదే వచ్చేస్తుంది. పైగా ఈ వృత్తిలోకి రావడానికి లైసెన్సు లేదు, పరీక్ష లేదు. ఎన్నిసార్లు తప్పు చెప్పారో ఎక్కడా ప్రకటించరు. తప్పు తేలినా ఉత్తరంలోని "మా అభిప్రాయం" అన్న మాట వాళ్లను కాపాడుతుంది. కార్డుల గ్రేడింగులో కొన్ని సంస్థలు నష్టపరిహారం హామీ ఇస్తాయి. సంతకాల దగ్గరికి వచ్చేసరికి అభిప్రాయంతోనే సరిపెడతాయి.

మార్కులు అడిగితే రికార్డులకూ భద్రతకూ అయిదుకు నాలుగు, తిరిగి అమ్ముకోవడంలో సాయానికి నాలుగు, కారణం చెప్పడంలో ఒకటి. ఆ ఒకటి కూడా సిరా, ముద్ర లాంటివి చూపించి తిరస్కరించిన ఒకరిద్దరి పుణ్యమే.

ఇప్పుడు నేను వాడే తీరు ఇది. కొత్త ఆటగాళ్ల వస్తువులైతే సాక్షి చూసి అంటించిన స్టిక్కరు ఉంటేనే కొంటాను. పాతవాటికి మొదట వస్తువు చరిత్ర అడుగుతాను: ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఆనాటి ఉత్తరం గానీ ఫొటో గానీ ఉందా అని. తర్వాత తేదీలు సరిచూస్తాను. అవి నిలబడితేనే రెండు సంస్థలకు విడివిడిగా పంపుతాను, మొదటివాళ్లు ఏం చెప్పారో రెండోవాళ్లకు తెలియనివ్వను. పాత స్టిక్కరు అంటించి ఉంటే ఈ పని కుదరదు, అందుకే స్టిక్కరు వద్దని, ఉత్తరం మాత్రం చాలని ముందే రాసి పంపుతాను.

ఖరీదైన ఉత్తరం కన్నా నేను ఎక్కువగా వాడేది, అమ్మకానికి పెట్టిన ఫొటో చూసి తక్కువ రుసుముకు అభిప్రాయం చెప్పే సేవను. పరీక్షలో నిలబడే అవకాశం ఉందో లేదో ఒక్క ముక్కలో చెబుతారు. కారణం వాళ్లూ చెప్పరు, స్టిక్కరు ఉండదు, ఆ జవాబు చూపించి ఏదీ అమ్మలేం. కానీ అది డబ్బు చేయి దాటక ముందు వస్తుంది, అందులో వస్తువు విలువను బట్టి పెరిగే రుసుమూ లేదు. లేదన్న ప్రతిసారీ నేను ఆ వస్తువును వదిలేశాను. ఉందన్నప్పుడు మాత్రం భూతద్దం తీస్తాను.