పాత విల్లు మీది రాతలు పోవాలంటే ఏది మేలు: థిన్నరా, శాండ్‌పేపరా, స్క్రేపరా?

అమెరికాలో గరాజ్ సేల్స్‌కి వెళ్తే 1960ల నాటి రికర్వ్ (కొనలు ఎదురు దిశకి వంపు తిరిగిన) విల్లులు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. చెక్క పిడి, ఫైబర్‌గ్లాస్ అతికించిన మేపుల్ లింబ్‌లు (పిడికి అటూ ఇటూ వంగే భాగాలు), వాటి మీద పాత యజమాని పేరో, ఏదో క్లబ్బు నంబరో పెయింటుతో రాసి ఉంటుంది. చూడగానే గీకి పారేద్దామనిపిస్తుంది.

కాస్త ఆగి ఆ రాత ఎవరిదో చూడండి. కంపెనీ అచ్చయితే ముట్టుకోవద్దనే నా సలహా. బేర్ ఆర్చరీ వాళ్ల విల్లు మీద ‘గ్రేలింగ్, మిషిగన్’ అని ఉంటే అది సాధారణంగా 1978కి ముందుదని లెక్క, ఎందుకంటే ఆ ఏడాది కంపెనీ ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కు తరలిపోయింది. పౌండ్లు (విల్లు లాగడానికి పట్టే బలం), పొడవు, సీరియల్ నంబరు ఉన్న గీత కూడా అంతే. అది చెరిగిన విల్లుకు పాత విల్లులు సేకరించేవాళ్లు సరైన ధర ఇవ్వరు.

యజమాని రాతైతే గొడవ తక్కువ, అది సాధారణంగా పాలిష్ పైనే ఉంటుంది. గోరుతో అంచు తడిమితే తగులుతుంది. కంపెనీ అచ్చు మాత్రం చాలావరకు పారదర్శకమైన పూత కింద ఉంటుంది, దాన్ని తీయడమంటే పూత మొత్తం తీయడమే.

థిన్నర్ చవక, తొందరగా పని చేస్తుంది. కానీ పాత పూత ఏమిటో తెలియకుండా పోయకూడదు. పిడికి చుట్టిన తోలు కింద, కనబడని చోట, దూదిపుల్లతో ముందు స్పిరిట్ (ఆల్కహాల్) రాయండి. జిగురుగా మారితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కి లొంగక థిన్నర్‌కి (లాకర్ థిన్నర్ అని అమ్మేది) మెత్తబడితే లాకర్ అనే పూత. రెండింటికీ కదలకపోతే పాలీయురథేన్ అయ్యుండొచ్చు, దానితో థిన్నర్ కుస్తీ పట్టడం దండగ. లాకర్ ఉన్న చోట మరో చిక్కు: అక్షరంతో పాటు పూత కూడా కరిగి, ఎర్ర పెయింటు గులాబీ నీళ్లలా పారి చెక్క రంధ్రాల్లో దిగుతుంది. ఒకసారి దిగిందంటే తుడిస్తే రాదు. అందుకే గుడ్డ తడిపీ తడపనట్టుండాలి, అక్షరం నుంచి బయటికి ఒకే దిశలో లాగాలి, ప్రతిసారీ శుభ్రమైన మడత వాడాలి.

శాండ్‌పేపర్ అందరికీ ముందు గుర్తొచ్చేది, నాకు మాత్రం అన్నిటికంటే చివరిది. వేళ్లతో నొక్కి రుద్దితే పిడి వంపుల్లో గుంటలు పడతాయి. లింబ్ మీద గ్లాస్ వరకూ రుద్దితే విల్లు బలమే తగ్గుతుంది. మందం 2 శాతం తగ్గితే, బిగువు మందం ఘనాన్ని అనుసరిస్తుంది కాబట్టి, 45 పౌండ్ల విల్లు దాదాపు 42కి దిగుతుంది. పైగా గ్లాస్ ధూళి ఒళ్లంతా దురద, ఊపిరితిత్తులకు కీడు. తప్పనిసరైతే 400 నంబరు కాగితాన్ని తడిపి, మాస్క్ పెట్టుకుని రుద్దండి.

చెక్క పిడికి నా ఓటు స్క్రేపర్‌కే. పలుచని ఉక్కు రేకును కొంచెం వంచి, దాదాపు నిటారుగా పట్టి లాగితే పూత సన్నని చుట్టల్లా లేస్తుంది. చుట్ట రంగు మారిందంటే చెక్క తగిలిందన్నమాట, అక్కడ ఆపేయొచ్చు. శాండ్‌పేపర్ ఇంత స్పష్టంగా ఎప్పుడూ చెప్పదు. లోపలి వంపుల్లో మాత్రం రేకు తిరగదు, అక్కడ గుండ్రటి కర్రకి కాగితం చుట్టాల్సిందే. అంతా పోయాక కూడా అక్షరాల నీడ మిగలొచ్చు. చుట్టూ చెక్క వెలుతురుకి రంగు మారి, అక్షరం కింద మారకపోవడమే కారణం. దాన్ని గీకుతూ కూర్చోకండి, కొన్నాళ్లు వెలుతురు తగిలితే చాలావరకు కలిసిపోతుంది.

గ్లాస్ లేని, ఒకే కొయ్యతో చేసిన విల్లయితే లెక్క మారుతుంది. యూ, ఆసేజ్ కొయ్యలతో చేసినవాటికి గురివైపు ముఖం మీద ఒకే వార్షిక వలయం తెగకుండా సాగాలి. అది తెగిన చోట చీలిక లేచి విల్లు విరుగుతుంది. అక్కడ స్క్రేపరూ వద్దు, కాగితమూ వద్దు. తుడిస్తే పోయినంతే.

పెయింట్ రిమూవర్, హీట్ గన్ గురించి రెండే మాటలు. మొదటిది గ్లాస్‌లోని రెజిన్‌నీ, రెండోది లింబ్ పొరలు పట్టి ఉంచిన జిగురునీ మెత్తబరచగలవు. రెండూ వద్దు.

కొత్త పూతకి పిడి మీద ట్రూ-ఆయిల్ నాకిష్టం. తుపాకీ మడమలకి రాసే నూనె ఇది. గుడ్డతో పలుచగా ఆరేడు పూతలు వేయొచ్చు, గీత పడితే ఆ చోటు మాత్రమే సరిచేసుకోవచ్చు. లక్క పాలిష్ మెరుపులో మేటి, కానీ చేతి చెమటకి, వానకి తెల్లబడుతుంది. లింబ్‌లకి స్ప్రే పాలీయురథేన్ మేలు: వంగే చోట పలుచగా, సమంగా పడుతుంది. నూనె మీద స్ప్రే చేసేటట్లయితే నూనె పూర్తిగా ఎండేదాకా ఆగాలి, లేదంటే పై పూత ముడతలు పడుతుంది. పని జరిగినంతసేపూ అల్లెతాడు విప్పే ఉంచండి. తిరిగి కట్టేటప్పుడు పాత విల్లుకి డాక్రాన్ (కొంచెం సాగే పాలియెస్టర్) తాడే కట్టండి, సాగని కొత్త రకం తాళ్లు పాత లింబ్ కొనల్ని చీల్చేయొచ్చు.