సగం సగం అంతస్తుల ఇల్లు: ఎనిమిదేళ్లు కాపురం చేశాక

హైదరాబాద్ పుప్పాలగూడలో గుట్ట వాలు మీద మా ఇల్లు. రోడ్డు నుంచి వెనక ప్రహరీ దాకా 12 అడుగుల పల్లం. మట్టి పోయించి చదును చేయించమని చుట్టాలంతా చెప్పారు. ఆర్కిటెక్ట్ మాత్రం నేల ఎలా దిగుతుంటే ఇల్లూ అలాగే దిగాలని 5 అడుగుల తేడాతో ఒక్కో గది వేశారు. 2017లో గృహప్రవేశం చేశాం.

ఈ ఇంట్లో నాకు ప్రాణం వంటిల్లు. హాలు నుంచి పది మెట్లు దిగాలి. మధ్యలో గోడ లేదు, సన్న కమ్మీల రెయిలింగ్ అంతే. పొయ్యి దగ్గర నిలబడితే హాల్లో పరిచిన తాండూరు బండలు సరిగ్గా నా కళ్ల ఎత్తులో ఉంటాయి. అత్తయ్య పాదాలు, పక్కన పేపరు, పొద్దుటెండ ఎంతవరకు పాకిందో కూడా కనిపిస్తుంది. ఇటు తిరిగితే ఇంకో పది మెట్ల కింద మా బాబు చదువుకునే బల్ల. "పోపు మాడుతోందేమో చూడమ్మా" అని ఆవిడ పైనుంచి, "అమ్మా, ఆకలి" అని వాడు కింద నుంచి. పాత ఫ్లాట్‌లో అందరం ఒకే అంతస్తులో ఉండి కూడా ఎవరి తలుపులు వాళ్లం వేసుకునేవాళ్లం.

2020 అక్టోబరు 13 రాత్రి మాత్రం మరిచిపోలేను. బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లు కురిసిన వాన అది. అర్ధరాత్రి బాబు వచ్చి లేపాడు. కింది గదిలో గుట్టను ఆనుకున్న ఎడమ గోడ, నేల కలిసేచోట గీత గీసినట్టు సన్నగా నీరు ఊరుతోంది. తుడిచిన గుడ్డ పిండేలోపు మళ్లీ అంతే. తెల్లారేసరికి చీలమండల దాకా వచ్చింది. అలమారలో అడుగు వరస పుస్తకాలన్నీ ఉబ్బిపోయాయి.

వాన తగ్గాక పక్క సందులో తవ్విస్తే సంగతి తెలిసింది. మా దగ్గర పైన రెండు మూడు అడుగులే మట్టి, కింద అంతా బండ. నీరు ఇంకదు, బండ మీదుగా పల్లానికి జారుతుంది. ఆ దారికి అడ్డంగా మా గోడ. దాని వెనక కంకర నింపి చిల్లుల పైపు వేశారు గానీ, కంకరకీ మట్టికీ మధ్య వడకట్టే గుడ్డ పరచలేదు. మూడేళ్లలో పైపు బురదతో పూడిపోయింది. ఇంటి ఖర్చులో ఆ గుడ్డ ఎంతని! కాంట్రాక్టర్ మీద ఆ కోపం ఇంకా పోలేదు. గుడ్డ పరిచి, పైపు మార్చి, గోడకు బయటి నుంచి వాటర్‌ప్రూఫింగ్ చేయించాక చుక్క రాలేదు. అయినా ఏటా మే నెలలో ఆ పైపు చాంబర్ (తనిఖీ గుంట) మూత తీసి బకెట్లతో నీళ్లు పోసి, కింద బయటికి వస్తున్నాయో లేదో చూసుకుంటాను.

గోడలు లేకపోవడం బాగుందన్నాను కదా, పొద్దున్నే మిక్సీ వేస్తే ఇల్లంతా లేస్తుంది. హాల్లో ఏసీ వేస్తే చల్లగాలి మెట్లమ్మట కిందికి దిగిపోతుంది; బాబు దుప్పటి కప్పుకుంటాడు, మాకు ఉక్క.

రెండేళ్ల క్రితం అత్తయ్యకు మోకాలి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి ఆవిడ వంటింట్లోకి దిగలేదు. కంచం నేనే పైకి తీసుకెళ్తాను. ఆవిడ కాళ్లు మునుపటిలా ఉంటే ఇలాంటి ఇల్లే కట్టుకోండని మారుమాట లేకుండా చెప్పేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే, మీ ఇంట్లో పెద్దవాళ్ల వయసెంతని ముందు అడుగుతున్నాను.