విశ్వనాథ్‌కి ఒకటే సీటు: శంకరాభరణమా, సాగర సంగమమా?

నా ఫేవరెట్ సినిమాల జాబితాకి ఒక రూల్ ఉంది: ఒక్కో దర్శకుడికి ఒక్క సినిమానే. కె. విశ్వనాథ్ దగ్గరికి వచ్చేసరికి ఆ రూల్ పెట్టినందుకు నన్ను నేనే తిట్టుకుంటాను.

1980లో వచ్చిన ‘శంకరాభరణం’, 1983 నాటి ‘సాగర సంగమం’ రెండింటికీ నిర్మాత ఏడిద నాగేశ్వరరావే, రెండింటికీ గాయకుడు ఎస్పీ బాలు జాతీయ అవార్డు అందుకున్నారు. పాటల దగ్గర పోటీ తేలదు. ఒక వైపు మహదేవన్, మరో వైపు ఇళయరాజా!

‘శంకరాభరణం’లోని సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి నాకు కాస్త దూరంగానే ఉంటాడు. పెళ్లిచూపుల్లో కూతురు పాటలో తడబడితే అందరి ముందూ కసురుకునే తండ్రి. ఆయన్ని గౌరవిస్తాం, భయపడతాం. సోమయాజులు గారి చూపే సగం సినిమా నడిపించింది. కానీ ఆయన పక్కన కూర్చుని కాఫీ తాగాలనిపించదు (రమ్మన్నా రారనుకోండి).

‘సాగర సంగమం’ హీరో బాలు అలా కాదు. కమల్ హాసన్ వేసిన ఈ డాన్సర్ చేతగాక ఓడిపోయినవాడు కాదు. ఢిల్లీ నృత్యోత్సవం పుస్తకంలో మహామహుల ఫొటోలు ఒక్కొక్కటే తిప్పుతూ వెళ్తుంటే చివర్లో తన ఫొటో కనిపిస్తుంది. అప్పుడతని మొహం చూడాలి. నవ్వో ఏడుపో తెలియదు, పక్కన జయప్రద కళ్లలోనూ అదే. సరిగ్గా ఆ అవకాశం తలుపు తట్టినప్పుడే తల్లి చనిపోవడం, ఆపైన తాగుడు, బావి గట్టు మీద చిందులు.

‘శంకరాభరణం’ గొప్పదని ఎవరితోనైనా ఒప్పుకుంటాను. సీటు మాత్రం ‘సాగర సంగమం’దే.