చెన్నై దగ్గరి కోవళం ముందు లంగరు: 18,000 రూపాయల ఊగుడు

రాత్రికి 18,000 పుచ్చుకుని "సముద్రం ప్రశాంతం సార్" అని హామీ ఇచ్చిన అద్దె పడవవాళ్లు, ఊగుడు తగ్గించే సామాను ఒక్కటీ పెట్టలేదు. గాలి నిజంగానే తక్కువ. ఊపింది కెరటం. వదినగారు తెల్లవారేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ రాత్రి గాలి ఎక్కువగా నేల వైపు నుంచి, నైరుతి నుంచి వీస్తుంది. కెరటం ఆగ్నేయం నుంచి వస్తుంది. లంగరు మీదున్న పడవ ముక్కు గాలికే తిరుగుతుంది, కెరటం సరిగ్గా డొక్కలో తగులుతుంది. తెరచాప ఎత్తి ఉంటే గాలి ఒత్తిడే పడవని పట్టి ఉంచేది. దించేశాక ఆ పట్టూ లేదు.

హార్బర్ గోడల లోపల ఈ బాధ లేదు, కానీ అక్కడ ఎవరు పడితే వాళ్లు లంగరు వేయలేరు. ముట్టుకాడు బ్యాక్‌వాటర్ మాటెత్తకండి: లోతు చాలదు, ఈస్ట్ కోస్ట్ రోడ్డు వంతెన కింద తెరచాప స్తంభం పట్టదు.

మొదటి మందు తాడు. 30 అడుగుల పడవకి 12 మి.మీ. నైలాన్ 25 మీటర్లు. చెన్నై చేపల రేవు కాశిమేడులో కిలో లెక్కన తూస్తారు, రెండుంపావు కిలోలకి 800 అయింది. ముక్కు దగ్గర లంగరు గొలుసుకి జారని ముడి వేసి, రెండో కొసని రెయిలింగ్ బయటనుంచి వెనక వించ్‌కి (తాడు బిగించే చక్రానికి) తెచ్చుకోవాలి. తర్వాత గొలుసు ఇంకో పడవ పొడవంత వదిలి, ముక్కు కెరటానికి ఎదురు తిరిగేదాకా వించ్ బిగించాలి. కెరటం ఎడమనుంచి వస్తుంటే తాడు కుడివైపు ఉండాలి. చాలామంది పొరపడేది ఇక్కడే, అప్పుడు పడవ తోక చూపిస్తుంది. తాడు ఒరుసుకునే చోట పాత గొట్టం తొడగండి. గాలి పెరిగితే వెంటనే వదిలేయాలి. పక్కకి తిరిగిన పడవ లంగరుని పీకేస్తుంది.

రెండోది బకెట్లు. బూమ్‌ని (తెరచాప అడుగు కర్రని) పక్కకి తిప్పి, ముందుకీ వెనక్కీ పైకీ తాళ్లతో కదలకుండా కట్టి, దాని కొసనుంచి రెండు మీటర్ల లోతున వేలాడదీయాలి. పడవకి ఎంత దూరాన వేలాడితే అంత పని చేస్తుంది. తాడు బకెట్ పిడికి కట్టారో, గంటలో ఊడుతుంది. అంచుకి మూడు కన్నాలు పెట్టి మూడు తాళ్లతో కట్టండి, అడుగున మూడు కిలోల ఇనుము వేయండి. బరువు లేకపోతే పడవ అటు వంగినప్పుడు బకెట్ మునగదు, తాడు సడలుతుంది, మళ్లీ లేచేటప్పుడు ఒక్క కుదుపు. రెండు బకెట్లు 340.

పడుకోవడం ముక్కు గదిలో కాదు, నడిమధ్య, కింద.