రాయగడలో పాటలు, రేడియో: ఏళ్ళ తరబడి వాడాక ఏది మిగిలింది

ముందే చెప్పేస్తాను, ఒడిశాలో ఉన్న మా రాయగడలో ఇంట్లో పొద్దున్నపూట మీడియం వేవ్ రేడియో, రోడ్డెక్కితే పెన్ డ్రైవ్, ఈ రెండూ ఉంటే మిగతావి ఉన్నా లేకపోయినా ఒకటే. స్మార్ట్ స్పీకరు, పాటలు ముందే ఎక్కించి అమ్మే పెట్టె, ఆకాశవాణి యాప్, కార్లో పెట్టుకునే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్, బ్లూటూత్, అన్నీ మా ఇంట్లోకి వచ్చి వెళ్ళినవే, కొన్ని ఇంకా అటక మీద ఉన్నాయి. హైదరాబాదులో కూర్చుని రాసిన రివ్యూలు చూసి ఇక్కడ కొంటే సగం డబ్బు వేస్టు, ఏటంటే వాళ్ళకి సిగ్నల్ గురించి ఆలోచించే పని లేదు, మాకు ఎటు చూసినా కొండలే.

రేడియో సంగతి. మాది మూడు బ్యాండ్లది, పెద్ద సెల్లులు రెండు పడతాయి, కరెంటు తీగ కూడా ఉంది. అందులో ఆకాశవాణి విశాఖపట్నం 927 వస్తాది, అమ్మకి పొద్దున్న భక్తిరంజని, తర్వాత వార్తలు, అది అయ్యాకే టిఫిను. వైజాగ్ ఇక్కడికి తిన్నగా గీత గీసినా 160 కిలోమీటర్ల పైనే, మధ్యలో కొండలు, అయినా వస్తాది. అదే వైజాగ్ ఆకాశవాణి వాళ్ళ ఎఫ్ఎం స్టేషను రెయిన్‌బో ఇంట్లో ఎంత తిప్పినా సొయ్‌మని శబ్దమే. కారణం పెద్ద రహస్యమేం కాదు, 927 కిలోహెర్ట్జ్ అంటే ఒక్కో అల 323 మీటర్లుంటాది, అది నేలని అంటిపెట్టుకుని కొండల్ని చుట్టుకుని వచ్చేస్తాది, ఎఫ్ఎం అల మూడు మీటర్లే, అది తిన్నగా పోతాది, కొండ అడ్డమొస్తే అక్కడితో సరి. అందుకే మా వైపు వాళ్ళెవరైనా రేడియో కొంటే ఎఫ్ఎం ఎంత బాగా వస్తాది అని అడక్కండి, డబ్బా మీద ఎం.డబ్ల్యూ, అంటే మీడియం వేవ్, అని ఉందో లేదో చూడండి. ఇప్పుడు కొట్లో దొరికే లైట్లు వెలిగే స్పీకర్లలో చాలావాటికి రేడియో అంటే ఎఫ్ఎం ఒక్కటే, కొట్టువాడు రేడియో ఉంది సార్ అంటాడు, అబద్ధం కాదు, కానీ ఇక్కడ పనికిరాదు.

ఇంకోటి చాలామందికి తెలీదు, ఆ పైకి లాగే ఏంటెన్నా మీడియం వేవ్‌కి ఏం చెయ్యదు, అది ఎఫ్ఎంకి, షార్ట్ వేవ్‌కి. మీడియం వేవ్‌కి లోపల నల్లటి ఫెరైట్ కడ్డీ ఒకటి రేడియో పొడుగునా అడ్డంగా ఉంటాది, దానికి సన్న రాగి తీగ చుట్టుంటాది, స్టేషన్ ఎటేపు ఉందో ఆ కడ్డీ పక్కభాగం అటు తిరగాలి, కొన అటు తిరిగితే గొంతు పడిపోతాది. వైజాగ్ మాకు దక్షిణాన, కాబట్టి రేడియో మొహం దక్షిణానికి పెట్టాలి. ఒడిశాలోనే ఉన్న జయపురం (జేపూర్) స్టేషన్ 1467 పడమటేపు, దానికి రేడియోని ఇంచుమించు అడ్డంగా తిప్పాలి. పక్కింటి మావుసి, అంటే ఒడియా పిన్నిగారు, సాయంత్రం ఒడియా ప్రోగ్రాములు వినడానికి మా అరుగు మీదికి వస్తాది, అమ్మ కిటికీ గట్టు మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసి పెట్టింది, ఒకటి వైజాగ్‌ది ఒకటి జయపురంది, పనిమనిషి తుడిచేస్తే మళ్ళీ గీస్తాది. అమ్మకి ఫెరైటూ తెలీదు కిలోహెర్ట్జూ తెలీదు, ఏ గీత మీద పెడితే ఏది పలుకుతాదో తెలుసు, అంతే.

పొద్దుగూకాక ఇంకో రకం. పగలు రాని దూరపు స్టేషన్లన్నీ రాత్రి దిగిపోతాయి, విజయవాడ 837, హైదరాబాదు 738 కూడా కొన్ని రాత్రులు శుభ్రంగా వింటాం, కొన్ని రాత్రులు రెండు స్టేషన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్టుకుంటాయి. పైన గాలి పొరల్లో ఒకటి పగలు ఈ అలల్ని మింగేస్తాది, రాత్రి ఆ పొర ఉండదు, ఇంకా పైనున్న పొర తగిలి అలలు కిందికి తిరిగొస్తాయి. నాకైతే ఆ కలగాపులగం ఇష్టమే, మా ఆవిడకి తలనొప్పి.

రేడియోకి అసలు శత్రువు ఇంట్లోనే ఉంది. చవక ఎల్ఈడీ బల్బు, ఫోన్ చార్జరు, ఇన్వర్టరు, ఈ మూడింట్లో ఏది పక్కనున్నా 927 మీద జుయ్‌మని రొద, మనిషి గొంతు దాని వెనకాలెక్కడో. మా హాల్లో రేడియో పాడైపోయింది కొత్తది కొందాం అని గొడవ చేస్తుంటే మా గుంటడు బల్బు స్విచ్ కట్టేసాడు, గొంతు గంటకొట్టినట్టు వచ్చేసింది. అప్పటినించి పొద్దున్న రేడియో సెల్లుల మీదే, కరెంటు తీగ పెట్టం, చార్జరు ప్లగ్గులోంచి పీకేస్తాం. సెల్లులు నెలల తరబడి వస్తాయి కాబట్టి ఖర్చు అనుకోను. వానాకాలం మెరుపులకి గరగరమంటాది, దానికి మందు లేదు.

సెల్లుల రేడియో ఎందుకు ఒగ్గెయ్యకూడదో 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానప్పుడు చూసాం. పర్లాకిమిడిలో మా పిన్ని వాళ్ళకి కరెంటు లేదు, ఫోన్ టవర్లు లేవు, చార్జింగు పెట్టే స్పీకర్లన్నీ మర్నాటికి బొమ్మలైపోయాయి, వీధిలో రేడియో ఉన్న ఇల్లే వార్తల ఇల్లు అయింది.

ఇక ఆకాశవాణి వాళ్ళ న్యూసాన్‌ఎయిర్ యాప్. మంచి యాప్, అబద్ధం ఆడను. విజయవాడ, హైదరాబాదు, వైజాగ్, ఏది కావాలంటే అది, రొద లేకుండా అద్దంలా వస్తాది, వివిధ భారతి 1957 నాటిది ఇవాళ ఫోన్లో ఇంత శుభ్రంగా వినడం బాగానే ఉంటాది. డేటా కూడా పెద్ద ఖర్చు కాదు, 64 కేబీపీఎస్ లెక్కన గంటకి 30 ఎంబీ లోపే. కానీ రెండు చిక్కులు. ఒకటి, యాప్‌లో మాట రేడియో కంటే వెనకపడి వస్తాది, ఒకే గదిలో రెండూ పెడితే రేడియోలో పిప్ పిప్ అయిపోయి వార్తలు మొదలయ్యాక యాప్‌లో పిప్ పిప్ మొదలవుతాది, దాన్ని చూసి మా నాన్న గడియారం పెట్టుకోడం మానేసాడు. రెండు, ఊళ్ళో ఉన్నంతసేపే దాని జోరు, ఊరు దాటితే గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటాది. కోరాపుట్ వైపు రైల్లో అయితే వరసగా సొరంగాలే, ఒక చరణం వింటాం, చీకటి, మళ్ళీ సగం చరణం. అదే రైల్లో ఎదుటాయన ఫోన్ స్పీకర్లో రీల్స్ మాత్రం ఎలా ఆడతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అయిదు వేల పాటలు ముందే ఎక్కించిన పెట్టె ఒకటి నాన్నకి కొన్నాం. పాత పాటలు ఇష్టమైన పెద్దవాళ్ళకి బాగానే ఉంటాది, నాబ్ తిప్పితే గాయకుడి పేరు మీద పాటలు వస్తాయి, ఫోన్ తెలియక్కర్లేదు. కానీ నాన్నకి ఒక పాట తర్వాత ఇదే వస్తాదని తెలిసిపోయింది, తెలిసిపోయాక విసుగు. పైగా లోపలి బ్యాటరీ కొన్నాళ్ళకి గంటకే దిగిపోవడం మొదలెట్టింది, మార్పిద్దామంటే మా ఊళ్ళో చేసేవాడు లేడు. అంత డబ్బు పెట్టక్కర్లేదని నా మాట.

రోడ్డు మీదకొస్తే, కార్లో మొదట ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ వాడాను, సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చేది, ఫోన్లో పాటని అది చిన్న ఎఫ్ఎం స్టేషన్లాగ పంపిస్తాది, కారు రేడియోలో ఆ నంబరు పెట్టుకోవాలి. రాయగడలో చాలా నంబర్లు ఖాళీయే కాబట్టి రాజాలాగ పాడింది. పార్వతీపురం, బొబ్బిలి దాకా కూడా పర్లేదు, విజయనగరం దగ్గరపడేసరికి వైజాగ్ స్టేషన్లు వచ్చి దాన్ని తొక్కేస్తాయి, మన పాట మధ్యలో ఎవడో నగల షాపు ప్రకటన చదువుతాడు, తోవ పొడుగునా నంబర్లు మార్చుకోవాలి, డ్రైవింగులో అది పని కాదు. బ్లూటూత్ మేలు, కాకపోతే ఫోన్ మోగితే పాట ఆగిపోతాది, కార్లో ఉన్నవాళ్ళందరూ మన మాటలు వింటారు.

అందుకే పెన్ డ్రైవ్. 128 కేబీపీఎస్‌లో పాట నిమిషానికి దాదాపు ఒక ఎంబీ, 32 జీబీలో ఆరు వేల పాటల దాకా పడతాయి, ఘాటీలో, అంటే కొండదారిలో, సిగ్నల్ లేకపోయినా దానికేం. తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మా కారు స్టీరియో ఎఫ్ఏటీ32 ఫార్మాట్ ఒక్కటే చదువుతాది, కంప్యూటర్లో వేరే ఫార్మాట్ చేసి తెస్తే నో ఫైల్ అంటాది. ఫైల్ పేరు తెలుగులో పెడితే డబ్బాలు డబ్బాలుగా చూపిస్తాది, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోవాలి. వరస పేరు ప్రకారం రాదు, ఏది ముందు కాపీ చేస్తే అది ముందు, అందుకని ఫోల్డర్లు ఒక్కోటీ కావలసిన వరసలో ఎక్కించుకోవాలి. బజార్లో మొబైల్ కొట్టువాడు నింపిచ్చే కార్డులు చవకే, తెలుగు, ఒడియా, సంబల్‌పురి, హిందీ అన్నీ ఒకే కుప్ప, ప్రతి పాట పేరు ముందు ఏదో సైట్ పేరు, కొన్నింట్లో పాట మొదట్లోనే ఆ సైట్ పేరు చదివే గొంతు కూడా. అవి నేను తీసుకోను, కొన్న సీడీల నించి ఎక్కించుకున్నవే వాడతాను.

బండి మీద ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర మంచి మాట లేదు, ఘాటీ మలుపులో లారీ హారన్ వినపడాలి. వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ రైల్లో పర్లేదు, బోగీ రొదలో వాల్యూం పెంచుకుంటూ పోతాం అదొకటి చూసుకోండి. ఇయర్‌ఫోన్ తీగ పెట్టే కన్నం ఉన్న పాత ఫోన్ ఉంటే పారెయ్యకండి, చాలావాటిల్లో ఎఫ్ఎం ఉంటాది, ఆ తీగే ఏంటెన్నా, నెట్ లేకుండా వినొచ్చు, విజయనగరం దిగాక 102 రెయిన్‌బో నేను దాంట్లోనే వింటాను.

ఎవరైనా ఇప్పుడు కొంటుంటే, కొట్లోనే మీడియం వేవ్ పెట్టించి వినండి, పైనున్న ట్యూబులైట్లూ బల్బులూ ఆపించి మరీ. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనియ్యండి.