మన ట్యూన్‌కి కాపలా కాస్తామనే ప్లాన్ కొనేముందు ఇది చదవండి

కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాయాలని కూర్చున్నాను. ఆ డిస్ట్రిబ్యూషన్ కంపెనీ ఏదో మీలో చాలామందికి చెప్పకుండానే తెలుస్తుంది, బీట్లు చేసేవాళ్లందరికీ ఇన్‌స్టాలో రోజూ కనిపించే యాడ్ వాళ్లదే. పేరు రాయొద్దని లాయర్ గట్టిగా చెప్పారు, అందుకే రాయడం లేదు. స్పాటిఫైకీ జియోసావన్‌కీ పాట పంపించే వాళ్ల మామూలు ప్లాన్‌తో నాకు గొడవ లేదు, ఆ పని సరిగ్గానే చేస్తారు. దాని మీద ఏడాదికి ఇంకో ఐదు వేల పైన తీసుకుని అమ్మే ‘ప్రొటెక్షన్’ ప్లాన్ ఉంది చూడండి, దాని గురించే ఈ హెచ్చరిక. మీ ట్యూన్‌ని ఎవరైనా వాడితే మేము పట్టుకుంటాం, గొడవ వస్తే మీ తరఫున మేము నిలబడతాం అని రాసి అమ్ముతున్నారు.

నా సంగతి క్లుప్తంగా చెప్తాను. పగలు ఉద్యోగం, రాత్రిళ్లు ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ఎలక్ట్రానిక్ ట్రాకులు కట్టుకోవడం. 2022లో ఒక ట్రాక్ యూట్యూబ్‌లో పెట్టాను. మిశ్ర చాపు నడకలో బేస్, దాని మీద నాదస్వరంలా వంపులు తిరిగే ఒక సింథ్ లీడ్, అంటే సింథసైజర్‌లో పలికే ముఖ్యమైన ట్యూన్. రెడీమేడ్ మ్యూజిక్ ముక్కలుండే లూప్ ప్యాకులేవీ వాడలేదు, ప్రతి స్వరమూ నేను సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటిగా వేసుకున్నదే. మొన్నామధ్య ఒక పెద్ద లేబుల్ ప్రైవేట్ సాంగ్ ఒకటి వదిలింది. పల్లవికి ముందు వచ్చే హుక్ నాదే. అవే స్వరాలు, అవే వంపులు, అదే ఏడు మాత్రల నడక, శ్రుతి మాత్రం ఒక సెమీటోన్ పైకి జరిపారు. నా ట్రాక్‌లో లీడ్ ఆఖరి స్వరం తెగే చోట ఒక చిన్న ‘టక్’ శబ్దం ఉంటుంది. వాళ్ల పాటలోనూ సరిగ్గా అక్కడే అది వినిపిస్తుంది. ఇద్దరికి ఒకే ట్యూన్ తట్టవచ్చు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ టక్ శబ్దం కూడా ఇద్దరికీ తట్టదు కదా.

ఆ పాట వచ్చిన కొద్ది రోజులకే నా 2022 వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ పడింది. ఆ లేబుల్ పేరు మీదే. అంటే నా ట్యూన్ మీద వచ్చే యాడ్ డబ్బు ఇకనుంచి వాళ్లకి పోతుంది. పాటల పోలికలు పట్టుకునే యూట్యూబ్ ఆటోమేటిక్ వ్యవస్థ, కంటెంట్ ఐడీ, పనిచేసే తీరే అంత. హక్కుదారు తన పాటని రిఫరెన్స్ ఫైల్‌గా ఎక్కిస్తే, ఆ మెషీన్ దాన్ని కొత్త వీడియోలతోనే కాదు, పాత వీడియోలతో కూడా పోలుస్తుంది. కలిస్తే క్లెయిమ్ వేస్తుంది. ఎవరు ముందు పెట్టారన్న విచారణ అక్కడ ఉండదు.

సరే, ప్లాన్ కొన్నది ఇలాంటి రోజు కోసమే కదా అని వాళ్లకి టికెట్ పెట్టాను. “మీరేమీ చేయకండి, డిస్ప్యూట్ మా టీమ్ చూసుకుంటుంది” అని జవాబు వచ్చింది. డిస్ప్యూట్ అంటే ఆ క్లెయిమ్ తప్పని యూట్యూబ్‌లో అభ్యంతరం పెట్టడం. యూట్యూబ్ నియమం ప్రకారం క్లెయిమ్ పడ్డ 5 రోజుల్లోపు డిస్ప్యూట్ పెడితే, మొదటి రోజు నుంచి వచ్చిన యాడ్ డబ్బు గొడవ తేలేదాకా ఎవరికీ పోకుండా పక్కన ఉంటుంది. ఆ గడువు దాటిపోయేదాకా నన్ను ఆపి ఉంచింది వీళ్లే. టీమ్ ఏమీ పెట్టలేదు. ఎన్ని మెయిళ్లు పెట్టినా అదే అచ్చు జవాబు.

చివరికి ఒక ఎగ్జిక్యూటివ్ ఫోన్ చేశాడు. ఆ కాల్‌లో ప్రతి మాటా నాకు గుర్తుంది.

“సార్, మీ వీడియోకి వ్యూస్ ఎన్ని? పాతిక వేలు. వాళ్ల పాటకి కోటి దాటాయి. అంత పెద్ద లేబుల్‌కి మీ ట్యూన్ తీసుకోవాల్సిన అవసరం ఏముంటుంది చెప్పండి” అన్నాడు. అప్‌లోడ్ తేదీ చూడండి, ప్రాజెక్ట్ ఫైలు పంపిస్తాను, రెండూ పక్కపక్కన పెట్టి వినండి అన్నాను. “ఫైల్ డేట్ ఎవరైనా మార్చుకోవచ్చు సార్” అన్నాడు. యూట్యూబ్ తేదీని నేనెలా మారుస్తానండీ అంటే దానికి జవాబు లేదు. వెంటనే ఇంకో మాట అందుకున్నాడు. “అయినా ఎనిమిది సెకన్ల లోపు వాడితే కాపీరైట్ వర్తించదు. ఇండస్ట్రీలో అందరికీ తెలిసిందే.” అలాంటి నియమం మన చట్టంలో ఎక్కడా లేదు. కాపీరైట్ కాపాడతామని డబ్బు తీసుకునే కంపెనీ మనిషి కస్టమర్‌కి చెప్పిన మాట ఇది!

నేను గట్టిగా అడిగేసరికి అసలు సంగతి బయటపెట్టాడు. “ఆ లేబుల్ కూడా మా క్లయింటే సార్. ఇద్దరు క్లయింట్ల మధ్య మేము తలదూర్చం.” మరి గొడవ వస్తే నిలబడతామని డబ్బెందుకు తీసుకున్నారంటే గొంతు మార్చేశాడు. అప్పటిదాకా సార్ అన్నవాడు, “మీరు హాబీకి చేసుకుంటున్నారు కదా బ్రో, ఎందుకంత టెన్షన్? పెద్దవాళ్లు మీ ట్యూన్ వాడారంటే సంతోషపడాలి” అన్నాడు.

హాబీ అట. ఉద్యోగం అయిపోయాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక వంపు సరిగ్గా పలికేదాకా కూర్చునే పనికి జీతం లేదు కాబట్టి దాని మీద హక్కు కూడా లేదని ఆ మాటకి అర్థం. నేను వాళ్లకి కట్టిన డబ్బు మాత్రం హాబీ డబ్బు కాదు. కొనేటప్పుడు నన్ను ‘ఆర్టిస్ట్’ అన్నారు. న్యాయం అడిగేసరికి హాబీ మనిషినైపోయాను.

మర్నాడు పొద్దున మెయిల్ వచ్చింది. యాజమాన్య వివాదం ఉన్నందున నా ట్రాక్‌ని అన్ని స్టోర్ల నుంచి తీసేశారు. వ్యాలెట్‌లో ఉన్న డబ్బు కూడా నిలిపేశారు. తలదూర్చం అన్నవాళ్లు తీసేసింది నా ట్రాక్‌ని. లేబుల్ పాట మాత్రం అదే కంపెనీ ద్వారా అన్ని చోట్లా హాయిగా మోగుతోంది. వాళ్ల షరతుల్లో ఎక్కడో లోపల “మా విచక్షణ మేరకు” అన్న ఒక్క ముక్క పెట్టుకున్నారు. యాడ్‌లో చేసిన వాగ్దానం మొత్తాన్ని ఆ ముక్కతో కొట్టిపారేశారు.

ఇది నా ఒక్కడి మీద పడ్డ పిడుగు కాదు. కంప్యూటర్ మీద ఇష్టంతో సంగీతం కట్టేవాళ్లందరూ తెలుసుకోవాల్సిన కేసు ఒకటి ఉంది. ఫిన్లాండ్‌లో యానె సూని అనే అతను, టెంపెస్ట్ అన్న పేరుతో, అమిగా కంప్యూటర్ మీద నాలుగే ఛానళ్లలో ‘యాసిడ్‌జాజ్డ్ ఈవినింగ్’ అనే ట్యూన్ కట్టాడు. 2000లో హెల్సింకిలో జరిగిన అసెంబ్లీ డెమో పార్టీలో, అంటే కంప్యూటర్ కళాకారుల పోటీల మేళాలో, దానికి ఓల్డ్‌స్కూల్ విభాగంలో మొదటి స్థానం వచ్చింది. తర్వాత నార్వేకి చెందిన గ్లెన్ రూనె గాలెఫాస్ దాన్ని అతని అనుమతితోనే కమడోర్ 64 అనే పాత ఇంటి కంప్యూటర్ సౌండ్ చిప్ కోసం మళ్లీ కట్టాడు. ఆ వెర్షన్ 2002లో ఆస్ట్రేలియా నుంచి వచ్చే ఒక డిస్క్ మ్యాగజైన్‌లో (కంప్యూటర్ డిస్క్ మీద వచ్చే పత్రిక) వచ్చింది. 2006లో పాప్ గాయని నెల్లీ ఫుర్టాడో ఆల్బమ్ ‘లూస్’ వచ్చింది, నిర్మాత టింబలాండ్. అందులో ‘డూ ఇట్’ పాట అడుగున నడిచేది ఈ ట్యూనేనని 2007 జనవరిలో ఎవరో రెండూ పక్కపక్కన పెట్టి యూట్యూబ్‌లో వీడియో చేశారు. అప్పుడుగానీ లోకానికి తెలియలేదు. దానికి టింబలాండ్ ఇచ్చిన సమాధానం శాంపిల్ చేయడం (ఉన్న రికార్డింగ్ నుంచి ముక్క తీసి వాడుకోవడం) వేరు, దొంగతనం వేరు అని. మొన్న నాతో ఫోన్లో మాట్లాడిన మనిషి గొంతులో నాకు వినిపించిందీ ఆ ధోరణే.

ఆ కేసు నడిచిన దారి చూస్తే కడుపు మండుతుంది. గాలెఫాస్ నుంచి హక్కులు తీసుకున్న కెర్నెల్ రికార్డ్స్ అనే ఫిన్లాండ్ కంపెనీ అమెరికాలో ఫ్లోరిడా ఫెడరల్ కోర్టుకి వెళ్లింది. 2011లో ఓడిపోయింది. 2012లో అప్పీల్ కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. కాపీ చేయలేదని తేలి ఓడిపోలేదు, ఆ ప్రశ్న దాకా కేసు వెళ్లనే లేదు. అమెరికాలోనూ ఒకేసారి ప్రచురితమైన రచన అయితే దావాకి ముందే అక్కడి కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ అయి ఉండాలి. ఆ ట్యూన్ మొదట డిస్క్ మీద ఆస్ట్రేలియాలో వచ్చిందా, ఇంటర్నెట్ ద్వారా ఒకేసారి ప్రపంచమంతా వచ్చిందా అన్న దగ్గరే వాదన తిరిగింది. విదేశీ రచన అని రుజువు చూపలేకపోయారు, సరైన రిజిస్ట్రేషనూ లేదు. బహుమతి పొందిన ట్యూన్, వినగానే ఎవరికైనా తెలిసే పోలిక, ఇవన్నీ ఉండి కూడా మొదట ఎక్కడ ప్రచురించారో చూపించే కాగితం లేక ఆగిపోయింది.

మన దగ్గర చట్టం కొంచెం నయం, ఇది నా లాయర్ చెప్పాక చదివి తెలుసుకున్నాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ట్యూన్ కట్టిన క్షణం నుంచే హక్కు మనది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ ఉంటే కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. సంగీత రచనకి ఫీజు 500 రూపాయలు, సౌండ్ రికార్డింగ్‌కి 2000. అభ్యంతరాలకి 30 రోజులు ఆగుతారు. ఏడాదికి ఐదు వేలు గుంజే వీళ్లు ఈ సంగతి ఒక్క కస్టమర్‌కైనా చెప్పారా? ఇంకో ముఖ్యమైన విషయం, సెక్షన్ 62 ప్రకారం మనం ఉండే ఊరి జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు. లేబుల్ ఆఫీసు ముంబైలో ఉంది కాబట్టి ముంబై వెళ్లాలని ఎవరైనా భయపెడితే నమ్మకండి.

ఎనిమిది సెకన్ల కథ చెప్పేవాళ్లకి 2008 నాటి బాంబే హైకోర్టు కేసు చెప్పండి. సంగీత దర్శకుడు రామ్ సంపత్, తాను ఒక ఫోన్ కంపెనీ ప్రకటన కోసం కట్టిన చిన్న ట్యూన్‌ని ‘క్రేజీ 4’ హిందీ సినిమా పాటల్లో వాడారని కోర్టుకి వెళ్లాడు. జడ్జి రెండూ విని, ఆ పాటలతో సినిమా విడుదల చేయకూడదన్నారు. చివరికి నిర్మాత రెండు కోట్లిచ్చి రాజీ చేసుకున్నట్టు పత్రికల్లో వచ్చింది. ట్యూన్ ఎన్ని సెకన్లన్నది అక్కడ అడ్డు రాలేదు. వినేవాడు గుర్తుపడతాడా లేదా అన్నదే చూశారు.

ఇలాంటి ప్లాన్లు మనం కొనేది పిచ్చితనంతో కాదని కూడా చెప్పాలి. కంటెంట్ ఐడీని యూట్యూబ్ నేరుగా ఇచ్చేది పెద్ద కేటలాగ్ ఉన్నవాళ్లకే. పదీ ఇరవై ట్రాకులున్నవాడు మధ్యవర్తి ద్వారానే వెళ్లాలి. ఆ మధ్యవర్తికి సగం ఆదాయం లేబుళ్ల నుంచే వస్తుంటే గొడవ వచ్చిన రోజున ఎవరి వైపు ఉంటాడో నాకు ఇప్పుడు బాగా తెలుసు. ఇక డిస్ప్యూట్ మనమే పెట్టినా మొదట తీర్పు చెప్పేది యూట్యూబ్ కాదు, క్లెయిమ్ వేసినవాళ్లే. వాళ్లకి 30 రోజుల గడువు. తిరస్కరిస్తే అప్పీల్, దానికి 7 రోజులు. అక్కడ వాళ్లు టేక్‌డౌన్ (వీడియో తీసేయమన్న నోటీసు) పెడితే మన ఛానెల్ మీద స్ట్రైక్, అంటే తప్పు గుర్తు. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది.

ఇప్పటికి నేనే సొంతంగా డిస్ప్యూట్ పెట్టాను. లేబుల్‌కీ కంపెనీకీ లాయర్ నోటీసు వెళ్లింది, ఇంకా జవాబు రాలేదు.

కొనాలనుకునేవాళ్లకి చెప్పేది కొంచెమే. డబ్బు కట్టేముందు వాళ్లని రాతపూర్వకంగా ఒక్కటి అడగండి: అవతలి పార్టీ కూడా మీ క్లయింటే అయితే ఏం చేస్తారు? మెయిల్లో జవాబివ్వకపోతే కొనకండి. బాగా నచ్చిన ట్రాకుల్ని ముందు రిజిస్టర్ చేయించుకోండి, ప్రాజెక్ట్ ఫైలుతో పాటు పని జరుగుతున్నప్పటి వెర్షన్లు కూడా దాచుకోండి. క్లెయిమ్ పడితే ఎవరేం చెప్పినా ఆ 5 రోజులు దాటనివ్వకండి.

ఇప్పటికే ఆ ప్లాన్‌లో ఉన్నవాళ్లు ఈ రోజే యూపీఐలో ఆటోపే ఆపేయండి, చెప్పకుండా రెన్యూ చేసి డబ్బు లాగేస్తున్నారు. ప్లాన్ మానేసేముందు మీ ఆదాయం రిపోర్టులన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి, అకౌంట్ మూసేశాక అవి ఇవ్వరు. మీకూ ఇలాగే జరిగి ఉంటే, మెయిళ్లు మీ దగ్గరుంటే, నాకు మెసేజ్ చేయండి. ఇద్దరు ముగ్గురం కలిస్తే వినియోగదారుల కమిషన్‌కి కలిసే వెళ్దాం.